పులికాట్‌లో చేరిన నత్రజని ఎక్కడికి పోతోంది? ముఖద్వారం పూడికపై ఒక సందేహం

సూళ్లూరుపేట మాస్టారు:

సభ్యులందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. నత్రజని వలయం బొమ్మను నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో లెక్క లేదు. గాలి, చిక్కుడు జాతి మొక్కల వేరుబుడిపెలు, పశువు, పేడ, మట్టిలోని బాక్టీరియా, మళ్లీ గాలి. ఆ బొమ్మలో ఎప్పుడూ పొలమే ఉండేది. మా ఊరి పక్కనే ఉన్న పులికాట్ సరస్సు ఒక్కసారి కూడా అందులోకి రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే అది నా పాఠంలోని లోపమే అనిపిస్తోంది.

విషయానికి వస్తాను. మా వీధిలో ఇద్దరు పెద్దమనుషుల మధ్య వాదన జరిగింది. సరస్సు సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలతో పూడిపోయే ముఖద్వారాలను తవ్వి తెరిస్తే సముద్రపు పోటుపాట్లు సరస్సును కడిగేస్తాయని, ఎరువుల నీళ్లు, మురుగు, రొయ్యల చెరువుల నీళ్లు అన్నీ బయటికి పోతాయని ఒకరు అన్నారు. రెండోవారు దానికి ఒప్పుకోలేదు. లోతు తక్కువగా ఉండే తీరపు సరస్సులు నత్రజనిని తమలోనే పట్టి ఉంచి శుద్ధి చేసుకుంటాయని, నీరు ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత మంచిదని, ముఖద్వారం తెరిస్తే మురికిని సముద్రం మీదికి తోసేయడమే అవుతుందని ఆయన వాదించారు. ఇద్దరి మాటల్లోనూ శాస్త్రం ఉన్నట్టే ఉంది. తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

పరిశోధక విద్యార్థిని, తిరుపతి:

నమస్కారం మాస్టారూ. నేను పనిచేస్తున్న విషయం దీనికి చాలా దగ్గరిది కనుక కొంచెం పొడుగ్గానే రాస్తాను.

రెండో పెద్దమనిషి చెప్పిన మాటకు ఆధారం ఉంది. ఉత్తర అట్లాంటిక్ తీరంలోని నదీముఖాల మీద 1996లో సముద్ర శాస్త్రవేత్త స్కాట్ నిక్సన్, ఆయన సహచరులు ఒక లెక్క ప్రచురించారు. భూమి మీద నుంచి వచ్చే మొత్తం నత్రజనిలో 30 నుంచి 65 శాతం వరకు, భాస్వరంలో 10 నుంచి 55 శాతం వరకు నదీముఖాల్లోనే ఆగిపోతున్నదని, అది బయటి సముద్రానికి చేరడం లేదని వారు తేల్చారు. నీరు ఎన్ని నెలలు నిలుస్తుందన్న దాన్నిబట్టి ఆ వాటా పెరుగుతుందని కూడా ఆ లెక్కలో కనిపించింది. అక్కడి వరకు ఆయన మాట సరైనదే.

అయితే "ఆగిపోవడం" అన్న ఒక్క మాటలో రెండు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి నిలుపుకోవడం. నాచు, నీటి గడ్డి, చేపలు, అడుగు బురద నత్రజనిని పట్టి ఉంచుతాయి, కానీ అది సరస్సులోనే ఉంటుంది. నాచు చచ్చి కుళ్లిన రోజున అమ్మోనియాగా మళ్లీ నీటిలోకి వస్తుంది. రెండోది తొలగించడం. నైట్రేట్‌ను బాక్టీరియా నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. దీనినే పాఠ్యపుస్తకాల్లో వినత్రీకరణం అంటారు. గాలిలో 78 శాతం ఉన్న వాయువులో అది కలిసిపోయాక, సరస్సుకు ఇక దానితో బరువు లేదు. మొదటిది అప్పును అటక మీద దాచిపెట్టడం, రెండోది తీర్చేయడం. నీరు ఎక్కువ కాలం నిలవడం వల్ల రెండోది జరుగుతుందా, మొదటిదే జరుగుతుందా అన్నది అడుగు బురద పరిస్థితి మీద ఆధారపడి ఉంటుంది.

ఆ బురదలో పై రెండు మూడు మిల్లీమీటర్లలోనే ప్రాణవాయువు ఉంటుంది. ఆ పలుచని పొరలో అమ్మోనియా మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుతుంది. అది నత్రీకరణం. ఆ నైట్రేట్ కొంచెం కిందికి, గాలి సోకని పొరలోకి దిగినప్పుడు అక్కడి బాక్టీరియా దానిలోని ప్రాణవాయువును శ్వాసకు వాడుకుని నత్రజనిని వాయువుగా విడుస్తాయి. పైన గాలి, కింద గాలిలేమి, ఈ రెండూ కొన్ని మిల్లీమీటర్ల దూరంలో పక్కపక్కనే ఉంటేనే ఈ రెండు పనులూ ఒకదానికొకటి అందుకుంటాయి. లోతు తక్కువ సరస్సులో వెలుతురు అడుగు వరకు పడుతుంది. బురద మీది సూక్ష్మ నాచు పగటిపూట ప్రాణవాయువునిస్తుంది. పీతలు, పురుగులు బొరియలు తవ్వి ఆ గాలిని లోపలికి తీసుకెళ్తాయి. ఒక్కో బొరియ గోడ కూడా బురద ఉపరితలంలా పనిచేస్తుంది.

దీనికి తోడు, ప్రాణవాయువు లేని చోట అమ్మోనియాను, నైట్రైట్‌ను కలిపి నేరుగా నత్రజని వాయువుగా మార్చే అనామాక్స్ బాక్టీరియా కూడా ఉన్నాయి. వీటిని 1990లలో నెదర్లాండ్స్‌లోని మురుగు శుద్ధి పరిశోధనల్లో గుర్తించారు. లోతు తక్కువగా ఉండే చాలా నదీముఖాల్లో వీటి వాటా వినత్రీకరణం కన్నా తక్కువగానే కనిపిస్తుంది.

శ్రీకాళహస్తి వరి రైతు:

అమ్మా, మీరు రాసింది చదువుతుంటే మా వరి మడి గురించే రాసినట్టు ఉంది. మడిలో నీళ్లు నిలిచి ఉండగా యూరియా పైపైన చల్లితే సగానికి సగం గాలికి పోతుందని మా తండ్రిగారు చెప్పేవారు. నీళ్లు తీసి, బురద పదునులో చల్లి, మర్నాడు నీళ్లు కట్టేవాళ్లం. కారణం అప్పట్లో తెలియదు, ఫలితం మాత్రం పైరు పచ్చదనంలో కనిపించేది. 45 కిలోల బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 20 కిలోల 700 గ్రాములు. అందులో పైరు తీసుకునేది మూడో వంతుకు కొంచెం అటూ ఇటూ అని వ్యవసాయ అధికారులు చెబుతారు. మిగిలింది ఎక్కడికి పోతుందన్న ప్రశ్న మాకూ ఉంది. మా మడిలో నష్టం అనుకునేదే మీ సరస్సులో లాభం అవుతున్నదా?

పరిశోధక విద్యార్థిని, తిరుపతి:

అవునండీ, మీ మాటనే నా వ్యాసంలో రాసుకోవాలనిపించింది. వరి మడిలో కూడా నీటి అడుగున పైన ఎర్రగా పలుచని గాలి పొర, కింద బూడిద రంగు గాలిలేని పొర ఉంటాయి. మడిలో కొంత నత్రజని అమ్మోనియాగా నేరుగా ఎగిరిపోతుంది, కొంత వినత్రీకరణం వల్ల పోతుంది. రైతుకు అది నష్టం, సరస్సుకు రెండోది ఉపకారం.

కానీ మడికి, సరస్సుకు మధ్య ఉప్పు అనే పెద్ద తేడా ఉంది. మంచినీటి బురదలో బంకమన్ను రేణువులు అమ్మోనియాను అంటిపెట్టుకుని ఉంచుతాయి. ఉప్పునీరు తగిలినప్పుడు సోడియం ఆ చోటును ఆక్రమించి అమ్మోనియాను నీటిలోకి తోసేస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది సల్ఫేట్. సముద్రపు నీటిలో సల్ఫేట్ సమృద్ధిగా ఉంటుంది. బురదలో కుళ్లే పదార్థం ఎక్కువై ప్రాణవాయువు, నైట్రేట్ రెండూ అయిపోయాక, మరో జాతి బాక్టీరియా సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మారుస్తాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన, నల్లటి బురద దాని గుర్తులే. ఆ సల్ఫైడ్ నత్రీకరణం చేసే బాక్టీరియాకు విషం. నత్రీకరణం ఆగితే నైట్రేట్ తయారు కాదు, నైట్రేట్ లేకపోతే వినత్రీకరణానికి సరుకే ఉండదు. పైపెచ్చు బయటి నుంచి వచ్చిన కొద్దిపాటి నైట్రేట్‌ను కూడా కొన్ని బాక్టీరియా వాయువుగా కాకుండా వెనక్కి అమ్మోనియాగా మార్చేస్తాయి. అప్పుడు నత్రజని సరస్సును విడిచిపెట్టదు, రూపం మార్చుకుని అక్కడే తిరుగుతుంది.

భాస్వరం కథ కూడా ఇక్కడే ముడిపడి ఉంది. గాలి సోకే బురదలో ఇనుము భాస్వరాన్ని పట్టుకుని ఉంటుంది. సల్ఫైడ్ వచ్చి ఇనుముతో కలిసినప్పుడు ఆ పట్టు వదులుతుంది. అంటే నల్లబురద ఒకేసారి నత్రజనిని తొలగించడం మానేస్తుంది, దాచిన భాస్వరాన్నీ వదిలేస్తుంది. నాచు విపరీతంగా పెరగడానికి ఇంతకన్నా అనువైన పరిస్థితి లేదు.

వాకాడు రొయ్యల రైతు:

ఈ చర్చలో రొయ్యల చెరువుల పేరు ఎలాగూ వస్తుంది కనుక నేనే ముందుగా లెక్క చెబుతాను. వెన్నామీ రకం రొయ్యల మేతలో మాంసకృత్తులు సుమారు 35 శాతం. మాంసకృత్తుల్ని 6.25తో భాగిస్తే నత్రజని వస్తుంది. ఒక టన్ను రొయ్యలు పట్టడానికి టన్నున్నర మేత వేశామనుకుంటే, 84 కిలోల నత్రజని చెరువులోకి వెళ్లినట్టు. పట్టిన టన్ను రొయ్యల శరీరంలో ఉండేది సుమారు 29 కిలోలు. మిగతా 55 కిలోలు నీటిలోనో, అడుగు బురదలోనో, గాలిలోనో ఉండాలి. శ్రీకాళహస్తి అన్నగారి లెక్కలో అది రెండున్నర బస్తాల యూరియాకు పైమాటే. మేత మిగిలేటట్టు వేసే రైతుకు ఈ అంకె ఇంకా పెరుగుతుంది.

ఈ సంగతి మాకు తెలియక కాదు. అమ్మోనియా పెరిగితే ముందు నష్టపోయేది మేమే. మధ్యాహ్నం ఎండకు, నాచు వల్ల నీటి పీహెచ్ (క్షారగుణం) పెరిగినప్పుడు అదే అమ్మోనియా మరింత విషమవుతుంది. అందుకే రాత్రంతా ఎయిరేటర్లు తిప్పుతాము, మేత మిగిలిందో లేదో తెలిపే చెక్ ట్రేలు చూసి మేత తగ్గిస్తాము, పంట పట్టాక బురద ఎత్తి ఆరబెడతాము. అయితే పట్టుబడి రోజున చెరువు నీళ్లను ఉన్నవి ఉన్నట్టు కాలువలోకి వదిలేసేవారు ఉన్నారు. నా చెరువు పక్కనే అది చూశాను. ఆ నీళ్లను మళ్లీ నేనే తోడుకున్నాను, ఆ పంట పోయింది. నీళ్లు వదిలేముందు నిల్వ గుంటలో కొన్నాళ్లు ఆపాలన్న నిబంధన ఎందుకు పెట్టారో ఆ రోజు నాకు అర్థమైంది.

పులికాట్, ఒడిశాలోని చిలికా సరస్సులకు 1,000 మీటర్ల లోపల రొయ్యల చెరువులు పెట్టరాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు ఇచ్చింది. ఆ దూరం వెనక ఉన్న ఆలోచన ఈ చర్చ చదివితే మా కుర్రవాళ్లకు ఇంకా బాగా తెలుస్తుందని ఈ చర్చా దారాన్ని మా సంఘం వాళ్లకు పంపాను.

పిచ్చాటూరు ఇంజనీరు:

నీటిపారుదల పనుల్లో జీవితమంతా గడిపినవాణ్ణి. రసాయన శాస్త్రం గురించి నేను మాట్లాడను గానీ, ఏ నీరు ఎక్కడికి పోతుందో ముందు సరిచూసుకుందాము. తిరుపతిలో చాలామంది స్వర్ణముఖి పులికాట్‌లో కలుస్తుందని అనుకుంటారు. స్వర్ణముఖి తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా పోయి, వాకాడు దాటాక, సరస్సుకు ఉత్తరాన నేరుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. పులికాట్‌కు ముఖ్యంగా నీరిచ్చేవి రెండు. వాయవ్యం నుంచి, సూళ్లూరుపేట మీదుగా వచ్చే కాళంగి ఒకటి. దక్షిణాన కలిసే ఆరణి రెండోది. ఆరణి పుట్టుక మన కార్వేటినగరం కొండల్లో. పిచ్చాటూరు జలాశయం దాటి తమిళనాడులోకి వెళ్లి అక్కడ సరస్సులో చేరుతుంది. కాబట్టి కార్వేటినగరం మామిడితోటలో వేసిన ఎరువు కూడా, గట్టి వాన కురిస్తే, ఈ సరస్సు లెక్కలోకి వస్తుంది.

రెండో మాట, మన నదులు ఏడాది పొడుగునా పారేవి కావు. నిక్సన్ చూసిన అట్లాంటిక్ నదులకూ వీటికీ పోలిక పెట్టేటప్పుడు ఇది మరిచిపోకూడదు. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, కొద్ది రోజుల్లో వచ్చే వరదే దాదాపు ఏడాది నీరు. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానలు అందరికీ గుర్తుండే ఉంటాయి. అంత వేగంతో నీరు పోయేటప్పుడు ఏ బాక్టీరియాకూ పని చేసే వ్యవధి ఉండదని నా ఊహ.

మూడోది, సరస్సు ఎంత పలుచనిదో ఒక లెక్కలో చూడండి. దీని విస్తీర్ణం కాలాన్నిబట్టి సుమారు 250 నుంచి 450 చదరపు కిలోమీటర్ల మధ్య మారుతుందని చెబుతారు. 300 చదరపు కిలోమీటర్లు, సగటు లోతు 1 మీటరు అనుకుంటే 30 కోట్ల ఘనపు మీటర్లు, మన వాడుకలో పది టీఎంసీలకు కొంచెం పైన. వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైతే నూరు రోజుల్లో అర మీటరు, అంటే సగం సరస్సు. ముఖద్వారం మూసుకుపోయిన ఏడాది ఆ లోటును పూడ్చే సముద్రపు నీరు కూడా రాదు. నీరు పోయినా దానిలో కరిగినవి పోవు.

పరిశోధక విద్యార్థిని, తిరుపతి:

సార్, మీ మూడో మాట ఈ చర్చకు చాలా అవసరమైనది. నీరు నిలిచే కాలం అన్నప్పుడు మేము సాధారణంగా నీరు మార్పిడి అయ్యే వేగాన్ని చూస్తాము. పులికాట్ ఉత్తర భాగంలో వేసవిలో జరిగేది మార్పిడి లేకుండా ఇగిరిపోవడం. అలాంటి చోట నీరు ఎక్కువ కాలం నిలిస్తే ఎక్కువ శుద్ధి అన్న సూత్రం అలాగే వర్తించదు.

వరద విషయంలో మీ ఊహ కూడా సరైనదే. వరద రోజుల్లో వచ్చే నైట్రేట్‌లో పెద్ద భాగం, దారి తెరిచి ఉంటే, నేరుగా సముద్రానికి పోతుంది. వరద తగ్గాక, జనవరి నుంచి మార్చి వరకు, నీరు తేటపడి వెచ్చగా ఉన్న కాలంలోనే సరస్సు బురదకు తన పని చేసుకునే వీలు దొరుకుతుంది.

తడ మత్స్యకారుడు:

మా నాన్న, తాత వేట చేసిన సరస్సు ఇది. నేను డిగ్రీ వరకు చదివి మళ్లీ ఈ పడవ మీదికే వచ్చాను. పెద్దలు రాసినదానిలో మేము కళ్లతో చూసేదాన్ని చెబుతాను.

నీరు పారే చోట కాలు పెడితే బురద పైన లేత గోధుమ రంగు, కింద బూడిద రంగు. పీతల బొరియలు ఉంటాయి. నీరు కదలని మూలల్లో కాలు దిగగానే నల్లగా, జిగటగా పైకి వస్తుంది, వాసన వస్తుంది. అక్కడ పీత ఉండదు. పచ్చటి నాచు చాపలు పైకి తేలి, గాలికి ఒడ్డుకు చేరి కుళ్లుతాయి. అలాంటి రోజుల్లో తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి, కొన్ని చచ్చి తేలతాయి. మధ్యాహ్నానికి నీరు మళ్లీ బాగానే కనిపిస్తుంది. ఎవరికైనా ఫిర్యాదు చేసి తీసుకొస్తే, వారు వచ్చే వేళకు చూపించడానికి ఏమీ ఉండదు.

ముఖద్వారం తెరవాలని మేము అడిగేది ఎరువుల సంగతి తెలిసి కాదు. రొయ్య పిల్ల సముద్రం నుంచి లోపలికి రావాలి, పెరిగి గుడ్లు పెట్టడానికి మళ్లీ బయటికి పోవాలి. దారి మూసుకుంటే మాకు వల వేయడానికి ఏమీ ఉండదు. ఇంకో సంగతి, నత్రజని సరస్సు నుంచి బయటికి పోయే దారుల్లో మా వల కూడా ఒకటి కాదా అని ఈ దారం చదువుతుంటే అనిపించింది. చేపలో మాంసకృత్తులు ఉంటాయి కదా.

సూళ్లూరుపేట మాస్టారు:

బాబూ, ఈ చర్చలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న నీదే. టన్ను చేపలో సుమారు 27 కిలోల నత్రజని ఉంటుందనుకుంటే, పట్టుబడిన ప్రతి టన్నూ ఒక బస్తా యూరియా కన్నా ఎక్కువ నత్రజనిని ఒడ్డుకు మోస్తున్నట్టే. దానికి ఇంకొకటి కలుపుతాను. నేలపట్టు చెరువులోని చెట్ల మీద గూళ్లు కట్టుకునే గూడబాతులు (పెలికాన్లు) పులికాట్‌కు వచ్చి చేపలు తిని, తిరిగి వెళ్లి పిల్లలకు పెడతాయి. వాటి రెట్టలు పడిన చెరువు నీళ్లు పొలానికి పారితే ఎరువు తక్కువ పడుతుందని అక్కడి రైతులు నాతో చెప్పారు. పొలం నుంచి సరస్సుకు జారిన నత్రజనిలో కొంత పక్షి రెక్కల మీద తిరిగి పొలానికి వస్తున్నదన్న మాట. నా నల్లబల్ల బొమ్మలో లేని బాణం ఇది.

తెల్లవారుజామున చేపలు చావడానికి, మధ్యాహ్నానికి నీరు బాగుపడటానికి కారణం పిల్లలకు కూడా అర్థమయ్యేదే కనుక నేనే రాస్తాను. పగలు నాచు ప్రాణవాయువునిస్తుంది, రాత్రి అదే నాచు ప్రాణవాయువును వాడుకుంటుంది. దట్టంగా పెరిగిన నాచు, కుళ్లే బురద కలిసి రాత్రంతా వాడుకుంటే సూర్యోదయానికి ముందు నీటిలో మిగిలేది అతి తక్కువ. 30 డిగ్రీల వేడిలో సముద్రమంత ఉప్పగా ఉన్న నీరు లీటరుకు 6 మిల్లీగ్రాములకు కొంచెం మించి ప్రాణవాయువును పట్టలేదు, అంటే మొదలే తక్కువ నిల్వ. కాబట్టి కొలిచేవారు పగలు పదింటికి వచ్చి కొలిస్తే లాభం లేదు, కోడి కూసే వేళకు నీటిలో ఉండాలి.

చిత్తూరు పశువైద్యుడు:

చర్చ ఎరువులు, రొయ్యల చుట్టూనే తిరుగుతోంది. మనుషుల లెక్క కూడా వేయాలి. ఒక మనిషి రోజుకు 60 గ్రాముల మాంసకృత్తులు తింటే, ఎదిగిన శరీరం అందులోని నత్రజనిని దాదాపు అంతా మూత్రంలోనూ మలంలోనూ విసర్జిస్తుంది. అది రోజుకు సుమారు 9.6 గ్రాములు, ఏడాదికి మూడున్నర కిలోలు. లక్ష జనాభాకు ఏడాదికి 350 టన్నులు, అంటే దాదాపు 17,000 బస్తాల యూరియాతో సమానం. మామూలు మురుగు శుద్ధి కేంద్రం దుర్వాసనను, కుళ్లే పదార్థాన్ని తగ్గిస్తుంది. నత్రజనిని తీసేయాలంటే గాలి ఇచ్చే తొట్టి, గాలి ఇవ్వని తొట్టి రెండూ వరసగా ఉండాలి. పరిశోధక విద్యార్థిని గారు చెప్పిన బురద పొరలనే సిమెంటు తొట్లలో కట్టినట్టు. పశువుల మూత్రం, డెయిరీల కడుగునీళ్లు మా జిల్లాలో ఇంకో పద్దు. పేడను జాగ్రత్త చేసే రైతు కూడా మూత్రాన్ని కాలువకు వదిలేస్తాడు, నత్రజని అందులోనే ఎక్కువ సులభంగా దొరుకుతుంది.

వాకాడు రొయ్యల రైతు:

డాక్టరుగారూ, మీరు చెప్పింది చదివాక నాకు ఒక సందేహం. వాయువుగా పోయినదంతా మంచిదేనా? ఎక్కడో చదివాను, వేడిని పెంచే వాయువు కూడా వస్తుందని.

పరిశోధక విద్యార్థిని, తిరుపతి:

అన్నా, మీరు చదివినది నైట్రస్ ఆక్సైడ్ గురించి. నైట్రేట్ వాయువుగా మారే దారిలో అది చివరి మెట్టుకు ముందుది. పని పూర్తయితే మామూలు నత్రజని వస్తుంది, మధ్యలో ఆగితే నైట్రస్ ఆక్సైడ్ బయటపడుతుంది. వందేళ్ల లెక్కలో అది బరువుకు బరువు బొగ్గుపులుసు వాయువు కన్నా 273 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. ఎండిన బురద మీద ఒక్కసారిగా నీరు పడినప్పుడు, నైట్రేట్ మరీ ఎక్కువైనప్పుడు ఇది పెరుగుతుంది. పులికాట్ ఉత్తరపు బయళ్లు ఏటా ఎండి, తొలి వానకు తడుస్తాయి కనుక ఇది అక్కడ తప్పక కొలవవలసిన విషయం. అందువల్ల నత్రజనిని సరస్సుకు వచ్చాక తొలగించుకోవడం కన్నా, మేతలో, మడిలో, మురుగులో ఆపడమే ముందుపని. ఎండిన అంచుల్లో ఏర్పడే నీలి ఆకుపచ్చ నాచు చాపలు గాలిలోని నత్రజనిని మళ్లీ లోపలికి తెస్తాయన్నది కూడా కలిపితే, వలయంలో రెండు వైపులా బాణాలు గీయాలి మాస్టారూ.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు నా అభిప్రాయం చెబుతాను. ఆ ఇద్దరిలో మొదటి పెద్దమనిషి చేసిన సూచనే సరైనదని నేను అనుకుంటున్నాను, కానీ ఆయన చెప్పిన కారణం వల్ల కాదు. ముఖద్వారం తెరిచినప్పుడు వచ్చే అసలు మేలు మురికి కొట్టుకుపోవడం కాదు. పోటు నీటితో ప్రాణవాయువు లోపలికి వస్తుంది, ఉప్పదనం మరీ పెరగకుండా నిలబడుతుంది, బురద పై పొర నల్లబడకుండా ఉంటుంది, పీతలు తిరిగి బొరియలు తవ్వుతాయి. అప్పుడు సరస్సు నత్రజనిని దాచడం మాని తొలగించడం మొదలుపెడుతుంది. నీరు నిలిచే కాలం తగ్గడం వల్ల పోయే శుద్ధి కన్నా, బురద ఊపిరి పోసుకోవడం వల్ల వచ్చే శుద్ధి ఎక్కువగా ఉండవచ్చు. నదుల నీటితో మరీ చప్పబడిన చిలికాలో 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వాక ఉప్పదనం పెరిగింది, మంచినీటి కలుపు తగ్గింది, చేపల పట్టుబడి బాగా పెరిగింది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితా నుంచి చిలికాను 2002లో తొలగించారు. అయితే పులికాట్‌కు చిలికా అంత నదీజలం లేదు కనుక అక్కడి ఫలితాన్ని ఇక్కడికి యథాతథంగా తేలేము. ఇక్కడ కొలవాలి.

పిచ్చాటూరు ఇంజనీరు:

కొలవడం అంటే ఏమి కొలవాలి? మా రోజుల్లో నీటి మట్టం చూపే గేజి రాయి, ప్రవాహ వేగం కొలిచే కరెంట్ మీటరు ఉంటే చాలు. మీరు చెప్పే నత్రజని వాయువును ఇంత గాలి మధ్య ఎలా కొలుస్తారు?

పరిశోధక విద్యార్థిని, తిరుపతి:

అది కష్టమే సార్. నీటిలో ముందే కరిగి ఉన్న నత్రజని చాలా ఎక్కువ కనుక, దానితో పాటే కరిగి ఉండి ఏ జీవి చర్యకూ లోనుకాని ఆర్గాన్ వాయువుతో నిష్పత్తి చూస్తాము. దానికి ప్రయోగశాల పరికరం కావాలి. కానీ పడవ మీద చేయగలిగిన మొదటి మెట్టు ఒకటి ఉంది. కాళంగి మూల నుంచి ముఖద్వారం వరకు పది చోట్ల నీరు తీసి, ఒక్కొక్క చోట ఉప్పదనం, నైట్రేట్, అమ్మోనియా కొలిచి, ఉప్పదనానికి ఎదురుగా నైట్రేట్‌ను గ్రాఫులో పెట్టడం. మజ్జిగలో నీళ్లు కలిపితే ఎంత పలుచనైతే పులుపు అంతే తగ్గుతుంది. అలాగే నది నీరు, సముద్రపు నీరు ఊరికే కలిస్తే బిందువులు ఒకే సరళరేఖ మీద ఉంటాయి. బిందువులు రేఖకు కిందపడితే దారిలో నైట్రేట్ ఎవరో తీసుకున్నారని, పైన పడితే ఎక్కడో కొత్తగా చేరిందని అర్థం. తీసుకున్నది నాచా, బురదా అన్నది ఈ ఒక్క గ్రాఫు చెప్పదు.

ఇంకొక హెచ్చరిక. ఇది వరద తర్వాతి కాలానికే పనికొస్తుంది. సరస్సు సముద్రం కన్నా ఉప్పగా మారిన వేసవిలో, ఇంజనీరుగారు చెప్పిన ఆవిరి వల్ల, ఈ రేఖకే అర్థం ఉండదు.

తడ మత్స్యకారుడు:

పడవ నాది ఉంది. దక్షిణం వైపు ముఖద్వారం వరకు వెళ్లగలను. ఉత్తరాన శ్రీహరికోట రోడ్డు దాటాక జనవరి చివరికే చాలా చోట్ల పడవ నేలకు తగులుతుంది, అక్కడికి నడిచే వెళ్లాలి. అభయారణ్యం పరిధిలోకి వచ్చే చోట్లకు అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. పక్షులు ఎక్కువగా మేసే బయళ్ల వైపు వెళ్లకుండా చూసుకుందాము.

వాకాడు రొయ్యల రైతు:

ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటరు, అమ్మోనియా కిట్టు నా దగ్గర ఉన్నాయి. కిట్టు అంకెలు రంగు చూసి చెప్పేవి కనుక ప్రయోగశాలలో రెండు మూడు నమూనాలతో సరిచూడాలి. నా చెరువు నుంచి పోయే కాలువ నీరు కూడా ఒక సీసా ఇస్తాను. పేరు రాసే పెట్టండి, దాచవలసిన పని లేదు.

సూళ్లూరుపేట మాస్టారు:

కాళంగి వంతెన దగ్గరి నమూనా బాధ్యత నాది. వరద మొదలైన రోజు, వారం తర్వాత, నెల తర్వాత మూడుసార్లు తీస్తాను. పదో తరగతి పిల్లలు ఇద్దరు తోడు వస్తామన్నారు, వాళ్లను నీటికి దూరంగా గట్టు మీదే ఉంచి అంకెలు రాయిస్తాను. అమ్మా, సీసాలు ఏ రకం తేవాలో, నీటిని వడకట్టి మంచులో ఎంతసేపు ఉంచవచ్చో రాసి పెట్టండి. అమ్మోనియా సీసాలోనే మారిపోతుందని విన్నాను.

పరిశోధక విద్యార్థిని, తిరుపతి:

తప్పకుండా మాస్టారూ. ఆదివారం లోపల ఇదే దారంలో రాస్తాను. అప్పటివరకు ఒక్క చిన్న పని చేయండి. తెల్లవారుజామున, ఎండ రాకముందు, నీరు కదలని ఒక మూలలో, పారే ఒక చోట బురదను పారదర్శకమైన గొట్టంతో గుచ్చి తీసి, పైనున్న లేత రంగు పొర ఎన్ని మిల్లీమీటర్లు ఉందో స్కేలుతో కొలిచి, తేదీ వేసి ఫోటో తీయండి.